రోము చీలింది సరే, చర్చి ఎక్కడ చీలింది?

చరిత్ర పాఠ్యపుస్తకాల్లోనూ, పోటీ పరీక్షల నోట్సుల్లోనూ రెండు సంవత్సరాలు జంటగా కనిపిస్తుంటాయి. 395లో రోమన్ సామ్రాజ్యం తూర్పు, పడమరలుగా విడిపోయిందని, 1054లో క్రైస్తవ సంఘం అదే గీత వెంబడి కతోలిక, ఆర్థడాక్స్ శాఖలుగా విడిపోయిందని అందరం చదువుకున్నాం. మొదటిది కారణమనీ, రెండోది దాని ఫలితమనీ, మధ్యలోని ఆరున్నర శతాబ్దాలూ ఆ పగులు కొంచెం కొంచెంగా వెడల్పవుతూ వచ్చిందనీ నమ్మడానికి అనువుగా ఈ రెండు తేదీలూ అమరిపోతాయి. ఈ అమరిక నాకు మింగుడు పడదు. నేను చెప్పదలచుకున్నది దీనికి ఇంచుమించు వ్యతిరేకమైన మాట: రోమన్ సామ్రాజ్యం చీలినందువల్ల చర్చిలు చీలలేదు. అది చీలిందని ఒప్పుకోవడానికి ఎవరూ సిద్ధపడకపోవడం వల్లే చీలాయి.

ముందుగా 395 సంగతి చూద్దాం. ఆ ఏడాది జనవరి 17న మిలాన్ నగరంలో థియొడోసియస్ చక్రవర్తి చనిపోయాడు. అప్పటికి యుక్తవయసులో ఉన్న పెద్దకొడుకు అర్కాడియస్ కాన్‌స్టాంటినోపుల్ నుంచి, పదేళ్ల చిన్నకొడుకు హొనోరియస్ మిలాన్ నుంచి పాలించారు. ఇందులో ఆనాటివారికి కొత్తగా తోచేదేమీ లేదు. 286లోనే డయోక్లెషియన్ మాక్సిమియన్‌ను సహచక్రవర్తిగా చేసుకున్నాడు. 293లో ఆ ఇద్దరూ నలుగురయ్యారు. 364లో వాలెంటినియన్, వాలెన్స్ అనే అన్నదమ్ములు సైన్యాలనూ కచేరీలనూ పంచుకున్నారు. 395 తరువాత కూడా చట్టాలు ఇద్దరు చక్రవర్తుల పేర్ల మీదా వెలువడేవి, 438లో కాన్‌స్టాంటినోపుల్‌లో తయారైన చట్టసంహితను రోములోని సెనేటు తనదిగా స్వీకరించింది. 476లో పడమటి చివరి చక్రవర్తిని సేనాని ఓడోసర్ దింపివేసినప్పుడు, రోము సెనేటు రాయబారులు కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, ఇకమీదట తమకు వేరే చక్రవర్తి అవసరం లేదని, రెండు దిక్కులకూ తూర్పు చక్రవర్తి జెనో ఒక్కడే చాలునని విన్నవించుకున్నారు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు దస్తావేజు రాసుకుని వేరుపడితే గట్టు తగాదాలు మిగిలినా తక్కినవి సర్దుకుంటాయి. వేరు కాపురాలు పెట్టుకున్నాక కూడా ఆస్తి ఉమ్మడిదేననీ, పెద్దరికం మాత్రం తనదేననీ ఇద్దరూ పట్టుబడితే ఆ తగువుకు అంతు ఉండదు. రోము విషయంలో జరిగింది ఈ రెండోది.

సామ్రాజ్యపు గీత వెంటనే చర్చి గీత నడవలేదనడానికి ఇల్లిరికమ్ కంటే మంచి సాక్ష్యం లేదు. నేటి గ్రీసు, మాసిడోనియా, సెర్బియాలలో చాలా భాగం అందులోకి వస్తుంది. 395 పంపకంలో తూర్పు ఇల్లిరికమ్ అర్కాడియస్ వాటాకు వెళ్లింది. పన్నులు కాన్‌స్టాంటినోపుల్‌కు చేరేవి, అధికారులు అక్కడి నుంచే వచ్చేవారు. కానీ అక్కడి బిషప్పులు మాత్రం రోము పోపు అధీనంలోనే ఉన్నారు, పోపు తరఫున థెస్సలొనీక బిషప్పు ప్రతినిధిగా వ్యవహారాలు చూసేవాడు. పౌలు పత్రికల వల్ల మన తెలుగు క్రైస్తవులకు చిరపరిచితమైన థెస్సలొనీక, ఫిలిప్పీ, కొరింథు సంఘాలు, అంటే గ్రీకు మాట్లాడే సంఘాలు, లాటిన్ రోము కింద ఉండేవన్నమాట. 421లో రెండవ థియొడోసియస్ ఈ ప్రాంతపు చర్చి వివాదాలు కాన్‌స్టాంటినోపుల్ బిషప్పుకు తెలియకుండా పరిష్కారం కాకూడదని చట్టం చేస్తే, పోపు కోరిక మీద హొనోరియస్ అభ్యంతరం తెలిపాడు; చట్టం సంహితలో నిలిచిపోయింది, అమలు మాత్రం నీరుగారిపోయింది. ఈ ఏర్పాటు మూడు శతాబ్దాలకు పైగా సాగి, 8వ శతాబ్దంలో విగ్రహారాధన వివాద (చర్చిల్లో పటాలు, ప్రతిమలు ఉండవచ్చా అన్న వాదం) కాలపు చక్రవర్తులు ఇల్లిరికమ్‌తో పాటు సిసిలీ, కలాబ్రియాలను కూడా పోపు చేతుల్లోంచి తీసి కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్‌కు, అంటే ఆ నగరపు ప్రధాన బిషప్పుకు, అప్పగించేదాకా చెక్కుచెదరలేదు. పోపు ఈ నష్టాన్ని మరిచిపోలేదు. అది ఎక్కడ తిరిగి పైకి వచ్చిందో కాసేపట్లో చూస్తాం.

చర్చి తన హోదాలను ఎక్కడి నుంచి తెచ్చుకుంది అన్నది అసలు చిక్కు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన బిషప్పుల మహాసభ ఆ నగరపు బిషప్పుకు రోము బిషప్పు తరువాతి గౌరవస్థానం ఇస్తూ, ఆ నగరం కొత్త రోము గనుక అని కారణం చెప్పింది. 451లో చాల్సెడన్ మహాసభ ఇంకొక అడుగు ముందుకు వేసింది. దాని 17వ నియమం ప్రకారం చక్రవర్తి ఏదైనా నగరాన్ని కొత్తగా ఏర్పాటు చేస్తే చర్చి పరిధులు పౌర పాలనా పరిధులనే అనుసరించాలి. 28వ నియమం, పాత రోముకు పూర్వులు ప్రత్యేక హక్కులు ఇచ్చింది అది రాజధాని కనుకనేననీ, చక్రవర్తీ సెనేటూ ఉన్న కొత్త రోముకు అవే హక్కులు చెందడం న్యాయమనీ తేల్చింది. పోపు మొదటి లియో దీనిని ఒప్పుకోలేదు. కాన్‌స్టాంటినోపుల్‌ను రాజనగరమని ఎంతైనా గౌరవించవచ్చు గానీ దానిని అపొస్తలుల పీఠంగా చేయడం ఎవరి తరమూ కాదని ఆయన చక్రవర్తికి రాశాడు. సిద్ధాంతరీత్యా లియో మాట నాకు బలంగానే కనిపిస్తుంది. కాకపోతే రోము బిషప్పుకు అంతటి పలుకుబడి రావడంలో అది సామ్రాజ్యపు రాజధాని కావడానికి ఏ పాత్రా లేదని నమ్మాలంటే చాలా అమాయకత్వం కావాలి. పాలనా పటాన్ని బట్టి చర్చి హద్దులు ఏర్పడటం మనకూ వింత కాకూడదు: గుంటూరులో లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, నెల్లూరులో అమెరికా బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్లు స్థిరపడటానికి మిషనరీ సంఘాలు ప్రాంతాలు పంచుకున్న పద్ధతే తప్ప ఆ జిల్లాల ప్రజల సిద్ధాంతాభిరుచి కారణం కాదు.

ఇక చర్చిలో మొట్టమొదటి శాశ్వతమైన చీలికలు ఎక్కడ వచ్చాయని చూస్తే, అవి తూర్పు-పడమర గీతకు ఆమడ దూరంలో కనిపిస్తాయి. 363లో జూలియన్ చక్రవర్తి పర్షియా దండయాత్రలో హతుడవగా, అతని స్థానంలోకి వచ్చిన జోవియన్ సైన్యాన్ని ప్రాణాలతో బయటపడేయడానికి నిసిబిస్ నగరాన్ని పర్షియాకు ధారాదత్తం చేశాడు. నగరవాసులు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అలా వెళ్లినవారిలో సిరియాక్ కవి ఎఫ్రెం ఒకడు, ఆయన రోమన్ పరిధిలోని ఎదెస్సా చేరాడు. ఆనాటి నిసిబిస్, ఎదెస్సాలు రెండూ ఇవాళ టర్కీలోనే ఉన్నాయి, కానీ అప్పుడు వాటి మధ్య రెండు మహాసామ్రాజ్యాల సరిహద్దు నడిచింది. పర్షియాలోని క్రైస్తవులు తమ రాజు కళ్లకు శత్రువైన సీజరుకు చుట్టాల్లా కనిపించేవారు, రెండవ షాపూర్ కాలంలో దానికి రక్తంతో మూల్యం చెల్లించారు. 410లో పర్షియా రాజు మొదటి యజ్దగర్ద్ అనుమతితో రాజధాని సెలూసియా-క్టెసిఫాన్‌లో సభ జరుపుకుని తమ చర్చిని క్రమబద్ధం చేసుకున్నారు. 424లో తమ అధిపతి మీద పడమటి బిషప్పులకు ఫిర్యాదు చేసుకోవడం ఇక చెల్లదని తీర్మానించారు. ఇది క్రీస్తులోని దైవ, మానవ స్వభావాలను మరీ వేరుచేశాడని కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్‌ను ఎఫెసు మహాసభ బహిష్కరించిన 431కి ఏడేళ్ల ముందు మాట. నెస్టోరియస్ వైపు మొగ్గిన వేదాంత భేదం తరువాత వచ్చి చేరింది. 489లో జెనో ఎదెస్సా పాఠశాలను మూయించగా ఆ సంప్రదాయం సరిహద్దు దాటి నిసిబిస్‌లో వర్ధిల్లింది. సామ్రాజ్యపు హద్దు చర్చిని నిజంగా విడదీసిన చోటు ఇదే. ఇక్కడ మనుషులు విడిపోయామని ఒప్పుకుని, ఎవరి చర్చి వారు నడుపుకున్నారు. అందువల్లనే ఇక్కడ బహిష్కరణ పత్రాల రభస తక్కువ.

451 చాల్సెడన్ సభ తెచ్చిన చీలిక ఇంతకంటే పెద్దది. క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయన్న ఆ సభ నిర్వచనాన్ని, ఆయనది ఏకమైన ఒకే స్వభావమని నమ్మిన ఈజిప్టు, సిరియా క్రైస్తవుల్లో చాలామంది ఒప్పుకోలేదు. అలెగ్జాండ్రియాలో సభ పక్షాన కూర్చోబెట్టిన ప్రొటేరియస్ అనే బిషప్పును 457లో జనమే చంపేశారు. అదే 451లో పర్షియన్లతో అవరయిర్ యుద్ధంలో మునిగి ఉన్న ఆర్మేనియా ఆ సభకు హాజరు కానేలేదు, తరువాతి కాలంలో దాని నిర్ణయాన్ని తిరస్కరించింది. ఈజిప్టు, సిరియాలు రెండూ తూర్పు చక్రవర్తి పాలనలోనివేనని గుర్తు చేసుకుంటే, సామ్రాజ్య విభజన వల్ల చర్చి విభజన అనే సూత్రం ఎంత పలుచనో తెలిసిపోతుంది. ఒకే చక్రవర్తి కింద, ఒకే రాజధానికి పన్ను కట్టినవారు చీలిపోయారు. ఆ సమయంలో రోము, కాన్‌స్టాంటినోపుల్‌లు నిర్వచనం విషయంలో ఒకే పక్షాన ఉన్నాయి. ఈజిప్టును బుజ్జగించడానికి జెనో 482లో రాజీ పత్రం తెచ్చినప్పుడు రోము కోపగించి 484 నుంచి 519 వరకు కాన్‌స్టాంటినోపుల్‌తో సంబంధం తెంచుకున్న మాట నిజమే, కానీ ఆ తగవు చక్రవర్తి మారగానే సద్దుమణిగింది.

ఈ తూర్పు చీలికల కొస మన దక్షిణ భారతం దాకా వచ్చింది. 6వ శతాబ్దపు గ్రీకు వర్తక యాత్రికుడు కాస్మాస్, మిరియాలు పండే మలే (మలబారు) ప్రాంతంలో క్రైస్తవ సంఘం ఉందనీ, కల్యాణలో పర్షియా నుంచి నియమితుడైన బిషప్పు ఉన్నాడనీ రాశాడు. కేరళలోని తోమా క్రైస్తవులు ఆ పర్షియా చర్చి పరిధిలోనే శతాబ్దాల పాటు ఉన్నారు. 1599లో ఉదయంపేరూరు సభలో పోర్చుగీసు ఆర్చిబిషప్పు మెనెజెస్ వారిని రోము దారికి మళ్లించి, నెస్టోరియస్ వాసన ఉన్నాయన్న పుస్తకాలను తగలబెట్టించాడు. 1653లో మట్టంచేరి దగ్గర వారిలో అధికభాగం ఆ పెత్తనాన్ని తిరస్కరిస్తూ ప్రమాణం చేశారు. 1665లో వారికి అండగా వచ్చిన మార్ గ్రెగోరియోస్ సిరియన్ ఆర్థడాక్స్ చర్చికి చెందినవాడు, అంటే 5వ శతాబ్దపు వాదంలో పర్షియా చర్చికి సరిగ్గా ఎదురు కొసన నిలిచిన సంప్రదాయానికి చెందినవాడు. ఆ మార్పు సంగతి వచ్చినప్పుడు క్రీస్తు స్వభావాల గురించి వారిలో ఎవరైనా పెద్దగా తర్కించారని నాకు అనిపించదు. వారికి కావలసింది తమ గురువులకు, బిషప్పులకు అభిషేకం చేయగల ఒక తూర్పు బిషప్పు.

మళ్లీ రోము, కాన్‌స్టాంటినోపుల్‌ల దగ్గరికి వద్దాం. 649లో పోపు మార్టిన్ చక్రవర్తి ఆమోదం కోసం ఎదురుచూడకుండానే పీఠమెక్కి, రోములోని తన నివాసం లాటరన్‌లో సభ జరిపి, క్రీస్తుకు ఒకే సంకల్పం ఉందన్న చక్రవర్తి అనుకూల సిద్ధాంతాన్ని ఖండించాడు. 653లో ఇటలీలో చక్రవర్తి పాలనా కేంద్రమైన రావెన్నా నుంచి వచ్చిన చక్రవర్తి ప్రతినిధి, జబ్బుతో ఉన్న పోపును లాటరన్‌లోనే అరెస్టు చేయించి ఓడలో కాన్‌స్టాంటినోపుల్‌కు పంపాడు. అక్కడ ఆయనపై మోపినది మతద్రోహం కాదు, రాజద్రోహం. బహిరంగంగా వస్త్రాలు చింపి అవమానించి, క్రిమియాలోని ఖెర్సోన్‌కు ప్రవాసం పంపారు. 655లో అక్కడే ఆయన చనిపోయాడు. ఆ వాదంలో మార్టిన్ పక్షాన నిలిచి నాలుకా కుడిచెయ్యీ పోగొట్టుకున్న మాక్సిమస్ గ్రీకు సన్యాసి. 680-81లో కాన్‌స్టాంటినోపుల్‌లోనే జరిగిన మహాసభ వీరి సిద్ధాంతమే సరైనదని ఒప్పుకుంది. లాటిన్ పోపు, గ్రీకు సన్యాసి కలిసి ఒక గ్రీకు చక్రవర్తిని ఎదిరించిన ఈ ఘట్టాన్ని తూర్పు-పడమరల పోరు కింద ఎలా లెక్కగడతాం? పోపును బేడీలు వేసి తీసుకుపోగలిగారంటే రోము ఇంకా అదే సామ్రాజ్యంలో ఉందనే అర్థం. 752లో చనిపోయిన పోపు జకారియా కూడా గ్రీకు వంశీయుడే. రోముకు పొరుగునే ఉన్న గ్రొట్టాఫెర్రాటా మఠాన్ని 1004లో గ్రీకు సన్యాసి నైలస్ స్థాపించాడు, అక్కడ నేటికీ గ్రీకు ఆచారంలోనే ఆరాధన జరుగుతుంది. గ్రీసులోని ఆథోస్ పర్వతం మీద ఇటలీలోని అమల్ఫీ నుంచి వచ్చిన లాటిన్ సన్యాసుల మఠం 1054 తరువాత కూడా చాలాకాలం నడిచింది. భాష వేరవడం అపార్థాలకు దోహదం చేస్తుందని ఒప్పుకుంటాను. అయితే భాష మొదటి నుంచీ వేరుగానే ఉంది, సంబంధమూ అన్ని శతాబ్దాలూ నిలిచింది.

సంబంధం బీటలు వారింది 8వ శతాబ్దంలో. ఉత్తర ఇటలీని ఏలుతున్న లొంబార్డులు 751లో రావెన్నాను పట్టుకున్నారు. కాన్‌స్టాంటినోపుల్ నుంచి సైన్యం రాలేదు. పోపు రెండవ స్టీఫెన్ ఆల్ప్స్ దాటి ఫ్రాంకుల రాజు పెపిన్‌ను ఆశ్రయించాడు, ఆ బంధం 800 క్రిస్మస్ నాడు షార్లమేన్‌కు రోములో చక్రవర్తి కిరీటం పెట్టేదాకా వెళ్లింది. షార్లమేన్ కొత్త రాజ్యానికి కొత్త పేరు పెట్టుకుని ఉంటే పేచీ ఉండేది కాదేమో. ఆయన పుచ్చుకున్నది రోమన్ చక్రవర్తి హోదా, అది అప్పటికే కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నది. దీనికి తోడు అప్పటికే ఇల్లిరికమ్ చేజారి ఉంది. బల్గేరియా పాలకుడు బోరిస్ 864 ప్రాంతంలో బాప్తిస్మం పుచ్చుకుని, తనకు సొంత పాట్రియార్క్ కావాలని కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ ఫోటియస్‌ను అడిగాడు. ఫోటియస్ పంపింది పాండిత్యం దట్టించిన సుదీర్ఘ లేఖ. బోరిస్ వెంటనే రోము వైపు తిరిగి పోపు మొదటి నికొలస్‌కు ప్రశ్నావళి పంపాడు. 866లో నికొలస్ 106 అంశాలలో ఓపికగా జవాబిచ్చాడు. పంట్లాలు తొడగవచ్చునా, బుధ, శుక్రవారాల్లో స్నానం చేయవచ్చునా వంటివి కూడా అందులో ఉన్నాయి. ఆ ఓపిక వెనుక లెక్క ఉంది. బల్గేరియాలో చాలా భాగం పాత ఇల్లిరికమ్ నేల మీద ఉన్నది, దానిని తిరిగి అప్పగించాలని నికొలస్ 860లోనే కాన్‌స్టాంటినోపుల్‌కు రాసి ఉన్నాడు.

పరిశుద్ధాత్మ తండ్రి నుండి మాత్రమే బయలుదేరుతుందా, కుమారుని నుండి కూడానా అన్న ప్రసిద్ధమైన వివాదం ఈ బల్గేరియా పొలిమేర మీదనే తగవుగా మారింది. స్పెయిన్‌లోనూ ఫ్రాంకుల రాజ్యంలోనూ విశ్వాస ప్రమాణంలో "కుమారుని నుండి" అన్నది చేర్చి చదవడం అప్పటికే చాలాకాలంగా ఉంది, రోము మాత్రం చేర్చలేదు. షార్లమేన్‌కు కిరీటం పెట్టిన పోపు మూడవ లియోయే ఆ చేర్పు లేని ప్రమాణాన్ని వెండి పలకల మీద చెక్కించి రోములో పెట్టించాడు. 867లో ఫోటియస్ బల్గేరియాలోని లాటిన్ మిషనరీల మీద నేరాల పట్టిక రాసినప్పుడు ఈ చేర్పు, శనివారపు ఉపవాసం, వివాహిత గురువులను తిరస్కరించడం అందులో వరుసగా కనిపిస్తాయి. సిద్ధాంత భేదం ఉత్తుత్తిదని నేను అనడం లేదు. అది నిజమైన భేదమే, రెండు వైపులా మేధావులు దాని మీద చిత్తశుద్ధితో తర్కించారు. నా ప్రశ్న, అంతకాలం నిద్రపోయిన భేదం 867లోనే ఎందుకు లేచింది అన్నది. దానికి నాకు కనిపించే జవాబు బల్గేరియా. 870లో బల్గేరియా కాన్‌స్టాంటినోపుల్ పక్షానికి వెళ్లింది. 879-80 సభలో ఫోటియస్‌కూ పోపు ఎనిమిదవ జాన్‌కూ రాజీ కుదిరింది. సిద్ధాంతం మాత్రం తేలకుండా అలాగే ఉండిపోయింది, రోము కూడా 1014లో ఆ చేర్పును స్వీకరించింది.

ఈ వరుసలో 1054 ఎంత చిన్న సంఘటనో చూడండి. దక్షిణ ఇటలీలో నార్మన్లు విజృంభించి, 1053లో పోపు తొమ్మిదవ లియోను సివిటాటే దగ్గర ఓడించి పట్టుకున్నారు. పోపుకూ చక్రవర్తి తొమ్మిదవ కాన్‌స్టాంటైన్‌కూ పరస్పరం సాయం అవసరమైన సమయమది. అందుకు పంపిన దూతబృందానికి నాయకుడు కార్డినల్ హంబర్ట్. ఎదుట నిలిచిన పాట్రియార్క్ మైకేల్ సెరులారియస్. ఇద్దరిలో తగ్గే గుణం ఎవరికీ లేదు. పులియని రొట్టెతో ప్రభుభోజన సంస్కారం జరపడం తప్పన్న గ్రీకు విమర్శ మీద రగడ మొదలైంది. పోపు పేరిట సెరులారియస్‌కు వెళ్లిన లేఖ, కాన్‌స్టాంటైన్ మహాచక్రవర్తి పడమటి దేశాలను పోపుకు రాసిచ్చాడనే దానపత్రాన్ని విస్తారంగా ఉదహరించింది. ఆ పత్రం నకిలీదని 1440లో లొరెంజో వల్లా నిరూపించాడు గానీ, 1054లో హంబర్ట్ దానిని నిజమనే నమ్మాడు. పోపు కూడా తన హక్కును ఆ ఒకే సామ్రాజ్యపు తొలి క్రైస్తవ చక్రవర్తి చేతి నుంచే రుజువు చేసుకోబోయాడన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

జూలై 16, శనివారం, హగియా సోఫియాలో ఆరాధనకు సిద్ధమవుతున్న వేళ హంబర్ట్ బృందం బలిపీఠం మీద బహిష్కరణ పత్రం పెట్టి, పాదధూళి దులుపుకుని బయటికి నడిచింది. ఒక డీకన్ వెంటపడి, ఆ పత్రం వెనక్కి తీసుకోమని ప్రాధేయపడినా వారు వినలేదు. అది వీధిలో పడింది. పత్రం బహిష్కరించినది సెరులారియస్‌నూ అతని అనుచరులనూ మాత్రమే. చక్రవర్తినీ నగరవాసులనూ పరమ క్రైస్తవులుగా, సనాతన విశ్వాసులుగా పొగిడింది. గ్రీకులు విశ్వాస ప్రమాణం నుంచి "కుమారుని నుండి"ని తొలగించారని కూడా నిందించింది, ఆ చరిత్ర తెలిసినవారికి నవ్వు తెప్పించే నింద. పైగా హంబర్ట్‌ను పంపిన పోపు ఏప్రిల్‌లోనే చనిపోయి ఉన్నాడు. కొద్ది రోజులకు పాట్రియార్క్ సభ దూతలను బహిష్కరించింది, రోమును కాదు. అంతియొకయ పాట్రియార్క్ పీటర్ సెరులారియస్‌కు శాంతం చెబుతూ రాశాడు. అన్నిటికంటే నాకు గట్టిగా తోచే సాక్ష్యం 1089 నాటిది: ప్రార్థనల్లో పోపు పేరు ఎందుకు చదవడం లేదని పోపు రెండవ అర్బన్ అడిగితే, చక్రవర్తి అలెక్సియోస్ సభ పిలిచి విచారించాడు, రోముతో విడిపోయినట్టు చెప్పే అధికారిక పత్రమేదీ దస్త్రాల్లో కనిపించలేదు. ముప్ఫయ్యైదేళ్లకే ఆ నగరపు సొంత దస్త్రాలకు గుర్తులేని సంఘటనను మనం మహావిభజనగా కంఠస్థం చేస్తున్నాం.

సామాన్య గ్రీకు విశ్వాసికి లాటిన్ వాడు పరాయివాడైన తేదీ కావాలంటే నేను 1204 ఏప్రిల్ చూపిస్తాను. అంతకుముందే గాయాలున్నాయి: సిలువ యుద్ధాలకు వచ్చిన పడమటి క్రూసేడర్లు అంతియొకయలో గ్రీకు పాట్రియార్క్ స్థానంలో లాటిన్ పాట్రియార్క్‌ను కూర్చోబెట్టారు, 1182లో కాన్‌స్టాంటినోపుల్ జనం అక్కడి లాటిన్ నివాసులను ఊచకోత కోశారు. 1204లో నాలుగో క్రూసేడు సైన్యం నగరాన్నే కొల్లగొట్టింది. ఆ తరువాత జరిగిన పంపకానికి మాత్రం నిజంగానే దస్తావేజు ఉంది. చక్రవర్తికి నాలుగో వంతు, మిగిలినది వెనిస్‌కూ తక్కిన క్రూసేడర్లకూ చెరి సగం. ఆ లెక్కన ఎనిమిదింట మూడు వంతులు దక్కిన వెనిస్ పాలకుడు రోమన్ సామ్రాజ్యంలో పావుకూ పావులో సగానికీ ప్రభువునని బిరుదు పెట్టుకున్నాడు. పాట్రియార్క్ పీఠం వెనిస్ వాడైన తోమస్ మొరోసీనీకి దక్కింది. 1439లో ఫ్లారెన్స్ సభలో రెండు చర్చిలనూ కలిపే ఐక్య పత్రం మీద గ్రీకు ప్రతినిధులు దాదాపు అందరూ సంతకం చేసినా, ఎఫెసుకు చెందిన మార్క్ చేయలేదు, ఇంటికి వచ్చాక జనం మార్క్ మాటే విన్నారు.

1965 డిసెంబరు 7న పోపు ఆరవ పాల్, పాట్రియార్క్ అథెనగోరస్ 1054 నాటి బహిష్కరణలను రద్దు చేశారు. రద్దు చేయడానికి ఆ రెండు పత్రాలు ఉండబట్టి ఆ పని అయింది. హోదాల తగవుకు అలా రద్దు చేయదగిన పత్రం ఏదీ లేదు. ఆ తగవు పోపుతోనే ఆగలేదని 2018 చూపించింది. ఉక్రెయిన్‌లో స్వతంత్ర చర్చిని గుర్తించే హక్కు తనకుందని కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ అన్నప్పుడు, 1686 నుంచి కీవ్ తన పరిధిలోనిదంటూ మాస్కో ఆయనతో సంబంధం తెంచుకుంది. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ ఆ గుర్తింపు పత్రం ఇచ్చేసింది. ఆ నగరం 1453 నుంచి ఏ క్రైస్తవ చక్రవర్తికీ రాజధాని కాదు; అయినా ఇతర చర్చిల నుంచి అప్పీళ్లు వినే తన అధికారానికి ఆధారంగా పాట్రియార్క్ కార్యాలయం చూపినవి చాల్సెడన్ సభ చేసిన 9వ, 17వ నియమాలు.